మసి అంటిన చోట

మసి ఇంకా ఒక్క పక్కకే అంటుతోంది.

బుచ్చవ్వ గోనెపట్టా తెర వెనుక మోకాళ్ళ మీద కూర్చుని, బేరింగు సగం చిప్పను గోడ కంతలోంచి వచ్చే వెలుతురుకు వంచి చూసింది. నిన్న కరిగించి పోసిన తెల్లలోహం కొత్త వెండిలా మెరుస్తోంది. ఎడమ అంచున మాత్రం చిటికెనవేలి గోరంత నల్ల మచ్చ. అంటే ఇంజను ఇరుసు అక్కడొక్కచోటే ఆనుతోంది, మిగతా చిప్పంతా గాలిలోనే ఉంది. అరిగిన మూడంచుల ఆకురాయిని సాన పట్టి చేసుకున్న కత్తితో ఆ నల్లని చోటును పాల మీద మీగడ తీసినంత తేలికగా గోకింది. నూకకన్నా సన్నని పొట్టు రాలింది. ఊదింది. నూనెలో కలిపిన మసిని వేలితో ఇరుసుకు మళ్ళీ పూసి, చిప్పలు రెండూ పెట్టి, బోల్టులు బిగించి, ఒక చుట్టు తిప్పి, మళ్ళీ విప్పింది. ఇప్పుడు మచ్చ రెండు చోట్ల పడింది. రెండింటినీ గోకాలి. జొన్నరొట్టె పెనం మీద కాలినప్పుడు మచ్చలు అంతటా ఎలా పడతాయో, మసి కూడా చిప్ప నిండా అలా చుక్కలు చుక్కలుగా అంటేదాకా ఇదే పని.

ఆ మసి కూడా ఆమె పట్టిందే. ఆముదం దీపం మీద మట్టి మూకుడు బోర్లించి, కాటుక పట్టినట్టే పట్టి దాచుకుంటుంది. కొంత బేరింగులకు, కొంత మనవరాలి కళ్ళకు.

“ఇంక జర గీకాలె,” అని తెర అవతల సాంబయ్య గట్టిగా అన్నాడు, తానే గీకుతున్నట్టు. “ఎడమ పక్కకు పట్టుకుంటుంది.”

ఆ మాట బుచ్చవ్వకు కాదు. షెడ్డు బయట నులక మంచం మీద కాళ్ళు ముడుచుకుని బీడీ కాలుస్తున్న డ్రైవరు హనుమండ్లుకు.

“నిమ్మళంగ గీకు ఉస్తాద్,” అన్నాడు హనుమండ్లు. “నాకేం తొందర లేదు. తొందరంత మా గుత్తేదారుకే.”

కరీంనగరంలో జగిత్యాల రోడ్డు మీద సాంబయ్య షెడ్డంటే మోటరు నడిపేవాళ్ళందరికీ తెలుసు. సాంబయ్యకు చూపు లేదన్న సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. కళ్ళలో పొరలు మెల్లమెల్లగా కమ్ముకున్నాయి. మొదట్లో బుచ్చవ్వ పక్కన కూర్చుని దీపం పట్టేది. తరువాత మసి ఎక్కడ అంటిందో చెప్పడం మొదలుపెట్టింది. కత్తి ఎప్పుడు చేతులు మారిందో ఇద్దరికీ గుర్తు లేదు. ఇప్పుడు అతను వింటాడు, వేళ్ళతో తడుముతాడు, తిడతాడు. ఆమె చూస్తుంది, గోకుతుంది. మధ్యలో ఎవరైనా వస్తే కత్తి కింద పెట్టి, చెంగుతో చేతులు తుడుచుకుని చాయ పెట్టడానికి లేస్తుంది. ఆడమనిషి గోకిందంటే తన ఇంజను ఈ గడపలో ఎవడు దించుతాడు?

ఇది చొప్పదండి తునికాకు గుత్తేదారు కారు. దసరాకు ముందు ఇంజను కొట్టుకుంటోందని తెస్తే, అరిగిన బేరింగులు తీసి, కొత్త లోహం పోసి కట్టి పంపారు. రెండు నెలలన్నా సరిగా తిరగలేదు. మొన్న కొండగట్టు దగ్గర ఎత్తు ఎక్కుతుంటే మళ్ళీ తట్టింది. మూసిన గదిలోంచి ఎవరో పిడికిలితో తలుపు గుద్దినట్టు చప్పుడట. బేరింగే పోయి ఉంటుందన్నారు చూసినవాళ్ళంతా. విప్పితే నిజంగా బేరింగే. లోహం కరిగి, ఆరిన గంజిలా అంచులకు కారి ఉంది. గుత్తేదారు హనుమండ్లు చేత కబురు పంపాడు. ఇదే ఆఖరు, మళ్ళీ తట్టితే ఇంజను హైదరాబాదుకు పోతుంది, సాంబయ్య చెయ్యి పడిపోయిందని తానే పదిమందికి చెబుతాడు.

కానీ అది సాంబయ్య చెయ్యి కాదు. ఆ సంగతి తలచుకుంటే బుచ్చవ్వకు నిన్నటినుంచి ముద్ద దిగడం లేదు.

తెర పక్కకు జరిగింది. సాంబయ్య గోడను తడుముకుంటూ లోపలికి వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

“ఏమే, దసరప్పుడు నడిమిట్ల ఎక్కువ గీకినవా?”

“ఎన్నిసార్లు అడుగుతవ్? గీకలే.”

“నూనె పోయే కంత మీద లోహం ఒరిగిందేమో. సూసినవా?”

“సూసిన.”

“మరెందుకు పోయింది?”

“నాకేం ఎరుక?”

“ఎరుక లేనోళ్ళ చేతికిచ్చిన. నాదే తప్పు.”

ఆమె కత్తిని నేలకేసి కొట్టబోయి ఆగింది. అంచు పోతే మళ్ళీ సాన పట్టాల్సింది కూడా తనే. “అయితే నువ్వే గీకు. ఇగో కత్తి,” అంది పళ్ళ మధ్యనుంచి.

సాంబయ్య ఎడమ భుజాన్ని కుడిచేత్తో పిసుక్కుంటూ నిలబడ్డాడు. తెల్లవారినుంచి అలాగే పిసుక్కుంటున్నాడు. నిన్న వంగి వంగి ఇంజను విప్పాడు, పట్టేసి ఉంటుంది, పట్టనీ అనుకుంది బుచ్చవ్వ. వెనక గదిలో పసిపిల్ల గుక్కపట్టింది.

“అవ్వా! ఎంత జోకొట్టినా ఊకుంటలేదే,” అని కూతురు బాలలక్ష్మి గొంతు. పురిటికి వచ్చిన పిల్ల.

“మాడుకు జర ఆముదం పెట్టు. పొట్టకు రాయి. నేనిప్పుడు రాను.”

పిల్ల ఏడుపు ఒక పక్క, మొగుడి సణుగుడు ఒక పక్క. చిప్పమీద మాత్రం మచ్చ మళ్ళీ ఎడమకే పడింది.

బుచ్చవ్వది చొప్పదండే. కమ్మరి కొలిమి ఇల్లు. అన్నదమ్ములు బడికి పోతే ఆమె తిత్తి ఊదింది. ఆమెను కూడా కొన్నాళ్ళు పంపారు గానీ, తిత్తి ఊదే చెయ్యి కరువై మళ్ళీ పిలుచుకున్నారు. పలకకన్నా ఆమెకు నిప్పు రంగే బాగా తెలిసింది. కాగిన నాగలి కర్రుది చెర్రీపండు రంగు అనేవాడు తమ్ముడు, పుస్తకంలో చదివి. ఆ పండు ఆమె చూడలేదు, కణకణ ఎర్రగా కాగితే దెబ్బ వెయ్యాలని మాత్రం తెలుసు. ఈడు రాకముందే సాంబయ్యకిచ్చి చేశారు. అతను బెల్లంపల్లిలో బొగ్గుబాయి మోటర్ల దగ్గర ఒక ఉస్తాదు చేతికింద పని నేర్చుకుంటున్న రోజులవి. బొగ్గు ఊళ్ళో ముగ్గురు పిల్లల్ని కని ముగ్గుర్నీ అక్కడి మన్నులోనే పెట్టింది. రజాకార్ల లొల్లి చల్లబడ్డాక ఈ షెడ్డు వేసుకున్నారు. బాలలక్ష్మి ఇక్కడ పుట్టింది, ఇది బతికింది. అందుకే పిల్ల తుమ్మినా బుచ్చవ్వ గుండె జారుతుంది. మనవరాలు ఏడిస్తే చేతిలో ఏ పని ఉన్నా ఒక చెవి అటే ఉంటుంది. ఇన్నేళ్ళలో ఆమెను పేరుపెట్టి ఎవరూ ఒక పని అడగలేదు. వదినా చాయ, వదినా నీళ్ళు, వదినా సాంబన్న ఉన్నడా. ఈ కత్తి ఒక్కటే తనదనుకుంది. ఇప్పుడు అది కూడా కాకుండా పోయేట్టుంది.

ఎండ నెత్తికెక్కే వేళకు మసి చిప్ప నిండా చుక్కలుగా అంటింది. బోల్టులు బిగించి, బేరింగు కట్టిన రాడ్డును అడ్డంగా ఎత్తి వదిలింది. అది ధబాలున పడలేదు, పట్టుకుని ఆగిపోనూ లేదు. నిద్రపట్టిన పిల్ల చెయ్యి ఒడిలోంచి వాలినట్టు మెల్లగా కిందికి వాలింది. సాంబయ్య చేత కూడా ఎత్తించింది. అతను వదిలి, చెవి ఒగ్గి, మళ్ళీ ఎత్తి వదిలాడు.

“మంచిగనే ఉన్నది,” అన్నాడు. వెంటనే, “దసరప్పుడు కూడ గిట్లనే ఉండె,” అన్నాడు.

ఆ రెండో మాట అనకపోతే ఏం పోయింది?

ఇక కడగడమే మిగిలింది. ఇంజను అడుగున నూనె నిలిచే రేకు పళ్ళెం నిన్నటినుంచి గోడవార పడి ఉంది. బుచ్చవ్వ దాన్ని పెరట్లోకి ఈడ్చి గ్యాసునూనె, అంటే కిరసనాయిలు, పోసింది. మామూలుగా గ్యాసునూనె తగలగానే నల్ల జిడ్డంతా నీళ్ళలా కారిపోతుంది. ఇది కారలేదు. నల్లది కారింది గానీ కింద తేనె రంగు పొర ఒకటి అట్టే ఉండిపోయింది. వేలితో గీకితే పాకంలా సాగింది. నూనె వడగట్టే జాలీ కన్నాల్లో అదే జిగురు. మళ్ళీ పోసింది, పాత గుడ్డతో రుద్దింది. జిగురు గుడ్డకు పట్టుకుంది, గుడ్డ వేళ్ళకు పట్టుకుంది.

“ఎంతసేపే? ఇంజను ఎక్కియ్యద్దా?” అని షెడ్డులోంచి సాంబయ్య కేక.

“పోతలేదు! నువ్వొచ్చి తోము!” అని అరిచి, ఆ గుడ్డను విసురుగా పొయ్యిలోకి కొట్టింది. 

గుడ్డ భగ్గుమంది. సన్నని నల్లపొగ లేచి ముఖం మీదికి వచ్చింది. బుచ్చవ్వ దగ్గబోయి ఆగిపోయింది.

కాటుక మూకుడు వాసన.

చేతులు ముక్కు దగ్గర పెట్టుకుంది. గ్యాసునూనె వాసన కింద, లోపలెక్కడో, మనవరాలి మాడు వాసన. పళ్ళెంలోని జిగురు కొంచెం వేలికి తీసుకుని షెడ్డులోకి నడిచింది. నడవలేదు, ఉరికింది. సాంబయ్య చెయ్యి పట్టుకుని అతని వేలికి పూసింది.

“ఏంది గిది?”

“నాకి సూడు.”

అతను నాలుక కొసకు తగిలించుకుని, ముఖమంతా ముడుచుకుని ఉమ్మేశాడు. “ఆముదం!” “ఆముదమేందే ఇంజన్ల?”

“నన్నడిగితే? నేను పోసిన్నా?”

“ఓ హనుమండ్లూ! ఇటు రా!”

హనుమండ్లు బీడీ ఆర్పి చెవి మీద దోపుకుంటూ వచ్చాడు. గుత్తేదారు కారు కొనకముందు అతను ఆ ఇంట్లోనే ఎడ్లబండి తోలేవాడు. ఎడ్లను అమ్మి కారు తెచ్చినప్పుడు నమ్మకమైన మనిషని అతన్నే డ్రైవరును చేశారు.

“ఇంజన్ల ఏం పోసినవ్రా?”

“నూనె ఉస్తాద్. నువ్వు చెప్పిన నూనెనే.”

“ఇంకేం పోసినవ్?”

హనుమండ్లు బుచ్చవ్వ ముఖం చూశాడు, పళ్ళెం చూశాడు. దాచాల్సిన పని చేశానని అతనికి ఇంకా తోచలేదు. “గంతే. మీదికెల్లి శనివారం శనివారం జర ఆముదం. కొండగట్టు అంజన్నకు దీపం పెట్టి, మిగిలింది దీనికి పోస్తున్న.”

“జర అంటే?”

“సోలెడు.”

సాంబయ్య గోడకు చేరగిలబడ్డాడు.

“ఎందుకు పోసినవయ్యా?” అంది బుచ్చవ్వ.

“ఎందుకేంది వదినా, కొత్తగ కట్టిన ఇంజను గదా! సంటిపిల్లకు ఆముదం నాకియ్యమా? నా బండి ఇరుసు ఎన్నేండ్లు తోలినా ఒక్కనాడు కిర్రనలే. దీని కడుపుల కూడ ఇరుసే ఉన్నదని ఉస్తాదే చెప్పె. గానుగది గాదు, మా అవ్వ వండిన ఆముదం. వాసన సూడు, ఎంత...”

“నీ ఆముదంల మన్ను వొయ్య!” సాంబయ్య చేతికందిన పానా ఎత్తాడు. హనుమండ్లు ఎటు పక్క నిలబడ్డాడో తెలియక అది గాలిలోనే ఆగింది. “అది ఈ నూనెల కలువదురా! అడుగుకు దిగి జిగురైంది. జాలీ మూసుకపోయింది. నూనె మీదికెక్కక బేరింగు ఎండి సచ్చింది. మా పానం తిన్నవు గదరా! ముద్ద దిగలే మాకు, ముద్ద!”

“నాకేం తెలుసు ఉస్తాద్... మంచికే పోస్తి,” అన్నాడు హనుమండ్లు. “మా గుత్తేదారుకు చెప్తవా?”

సాంబయ్య పానా కింద పెట్టి ముక్కాలిపీట మీద కూలబడి, భుజం పిసుక్కున్నాడు. బుచ్చవ్వ అతని ఎదుటే నిలబడి ఉంది. ఇప్పుడంటాడు అనుకుంది. నిన్నటినుంచి దెప్పిన నోటితో, నీ తప్పు గాదే అని ఒక్క మాట. నలుగురిలో కాకపోయినా, తెర వెనకైనా, ఆ మాట అనడానికి ఎంతసేపు పడుతుంది?

“బట్టల సోడా వేసి నీళ్ళు మరుగవెట్టు,” అన్నాడు సాంబయ్య. “దసరప్పుడే పళ్ళెం మంచిగ...” అని ఏదో అనబోయి, దసరాకు పళ్ళెంలో ఆముదమే లేదన్నది గుర్తుకొచ్చి కాబోలు, మింగేశాడు.

బుచ్చవ్వ కుండ పొయ్యి మీద ఎత్తిన చప్పుడు రోడ్డుదాకా వినిపించింది. మరిగిన సోడా నీళ్ళకు జిగురు వదిలింది. పళ్ళెం, జాలీ, గొట్టాలు కడిగింది. ఇంజను నూనెదారులన్నింట్లో మరిగే నీళ్ళు పోసి, సైకిలు పంపుతో గాలి కొట్టి, ఒక్కో కంతకు కన్ను ఆనించి అవతలి వెలుతురు కనిపించేదాకా వదల్లేదు. ఆరబెట్టి మంచి నూనె పట్టించింది. మధ్యలో పిల్ల ఏడ్చింది. ఈసారి లేచి వెళ్ళి, చేతులు జిడ్డుగా ఉన్నాయని ఎత్తుకోకుండా, గుమ్మంలోంచే చూసి వచ్చింది.

పక్క వడ్లమిల్లు హమాలీలు వచ్చి గొలుసు లాగి ఇంజనును కారులోకి దించారు. తన పాపం తానే కడుక్కుంటున్నట్టు హనుమండ్లు బోల్టులన్నీ తుడిచి అందించాడు. సాంబయ్య వేళ్ళతో వెతికి వెతికి బిగించాడు. చలికాలమైనా అతని చొక్కా వీపున తడిసి అంటుకుంది.

ఎండ పసుపుబారాక హనుమండ్లు హ్యాండిలు పట్టి తిప్పాడు. రెండుసార్లు దగ్గింది. మూడోసారి అందుకుంది. సాంబయ్య ఒక కర్ర కొసను ఇంజనుకు ఆనించి, రెండో కొసను చెవిలో పెట్టుకుని వంగాడు. బుచ్చవ్వ నూనె డబ్బా పట్టుకుని షెడ్డు గుంజ దగ్గర నిలబడింది. ఊపిరి తీసుకుంటే ఆ చప్పుడు ఎక్కడ అడ్డం వస్తుందోనని బిగబట్టింది. సాంబయ్య కర్రను అటు జరిపాడు, ఇటు జరిపాడు. మెల్లగా నిటారుగా నిలబడ్డాడు.

“తట్టుతలేదు,” అన్నాడు.

హమాలీలు నవ్వారు. హనుమండ్లు రెండు చేతులూ ఎత్తి కొండగట్టు వైపు దండం పెట్టాడు. “ఏమన్న గానీ, ఉస్తాద్ చెయ్యి ఉస్తాద్ చెయ్యే!”

“నా చెయ్యి గాదు,” అన్నాడు సాంబయ్య.

“మరెవలది? అంజన్నదా?”

“మీ వదినెది. నాకు కండ్లు కనవడక శాన్నాళ్ళాయె. గీ బేరింగు బుచ్చవ్వ గీకింది. దసరప్పుడు కూడ ఆమెనే గీకింది. అప్పుడు కూడ మంచిగనే గీకింది.”

హమాలీల నవ్వు ఆగింది. ఇంజను ఒక్కటే నడుస్తోంది. అందరూ గుంజ వైపు తిరిగి, ఆమెను మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. బుచ్చవ్వకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పొద్దంతా ఆ ఒక్క మాటకోసం ఎదురుచూసింది. తీరా వచ్చాక కోపమే వచ్చింది. అడిగినప్పుడు కాదు, కావలసినప్పుడు కాదు. ఇప్పుడు ఇంతమందిలో షెడ్డు గుట్టంతా విప్పి ఆరేశాడు. రేపటినుంచి ఎవడొస్తాడు?

“ఇగ చాల్తియ్యి. పొద్దుగూకుతుంది,” అంది. డబ్బా మూత గట్టిగా బిగించి లోపలికి తిరిగింది.

“గంగాధర దాక తిప్పి తెస్తం. నేను ఇనాలె,” అని సాంబయ్య వెనకనుంచి అనడం, కారు తలుపు పడడం వినిపించాయి. ఆమె తిరిగి చూడలేదు.

వేన్నీళ్ళు తోడుకుని మోచేతులదాకా రుద్దుకుంది. పిల్లను ఒళ్ళో వేసుకుంది. బాలలక్ష్మి అన్నం తినమంటే ఈసారి తినబుద్ధయింది. మిరపకారంతో నాలుగు ముద్దలు తిన్నది. “బాపు చెప్పిండట గదవ్వా, హమాలీలు అనుకుంట పోతున్నరు,” అంది బాలలక్ష్మి. “చెప్పిండు. రానీ, కడుపు నిండ తిడ్త,” అంది బుచ్చవ్వ. అంటూనే పెదవి చివర ఏదో కదిలితే పిల్ల బొజ్జ మీదికి తల వంచుకుంది.

పొద్దు వాలుతుంటే జగిత్యాల రోడ్డు మీద కారు వినిపించింది. ఆమె చెవి నిక్కించింది. దూరంనుంచి తెలుస్తోంది, ఎక్కడా తట్టు లేదు. కవ్వం తిప్పినట్టు ఒకే తీరుగా వస్తోంది. గంగాధర దాకా పోయి వచ్చింది, బేరింగు నిలిచింది. పిల్లను కూతురికిచ్చి, కొంగు సర్దుకుని బయటికి వచ్చింది.

కారు చాలా మెల్లగా వచ్చి, షెడ్డు దాటి నాలుగడుగుల అవతల ఆగింది. హనుమండ్లు దిగాడు. ఇంజను ఆపలేదు.

“వదినా,” అన్నాడు. తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. “గంగాధర మలుపుకాడ, ఎంత సల్లగ నడుస్తుందో ఇను అన్నడు. తల తలుపుకు ఆనిచ్చిండు. ఇంజను ఇంటుండనుకున్న. నడుమ మాట్లాడద్దని నేను... నేను మాట్లాడియ్యలే వదినా. మొకం మీద నీళ్ళు కొట్టిన, లేవలే.”

బుచ్చవ్వ కారు అటుపక్కకు వెళ్ళి చూసింది. సాంబయ్య చెవిని తలుపు రేకుకు ఆనించి కూర్చుని ఉన్నాడు. కనుబొమ్మలు కొంచెం ముడిపడి ఉన్నాయి, చప్పుడులో ఏదైనా తేడా ఉందేమోనని వెతుకుతున్నట్టు. ఆమె చెయ్యి లోపలికి పెట్టి అతని మెడ తాకింది. ఎడమ భుజం తాకింది. చాలాసేపు చెయ్యి అక్కడే ఉంచింది.

“ఇంజను బందు పెట్టు,” అంది.

హనుమండ్లు తాళం తిప్పాడు. గుమ్మంలో బాలలక్ష్మి ఒక్క కేక పెట్టింది. హమాలీలు మిల్లులోంచి ఉరికి వస్తున్నారు.

పగలంతా కారు నిలిచి ఉన్న చోట, తలుపు తెరుచుకున్న దగ్గర, గుత్తేదారు కారుకు మసి అంటుతుందని విడిచి ఎక్కిన సాంబయ్య చెప్పులు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఎడమ దానికి తెగిన వేలితోలును బుచ్చవ్వ రాగితీగతో కుట్టిన చోట నూనెబొట్టు ఒకటి ఇంకా ఆరలేదు.